మల్లెపూలు జడకే

పదో తరగతితో నా బడి ఆగింది కానీ చదువు ఆగలేదు. బిజినేపల్లి గ్రంథాలయంలో ఆరోగ్యం అలమారా మొత్తం చదివానని గర్వంగానే చెబుతాను. ముర్రుపాలు బిడ్డకు మొదటి రక్షణ అని, తల్లిపాలు తాగే పిల్లలకు విరేచనాలు, న్యుమోనియా తక్కువని, పాలిచ్చే తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుందని కడుపుతో ఉన్నప్పుడే తెలుసుకున్నాను. కానీ పాలిచ్చే రొమ్ముకే జబ్బు చేస్తే ఇంట్లో ఏమవుతుందో మా వైపు ఆడమనిషి రాసింది ఆ అలమారాలో ఒక్కటీ దొరకలేదు. అది నేనైనా రాసి పెట్టాలి.

కాన్పు అయిన గంటలోనే నా బిడ్డ శ్రీజకు పాలు పట్టాను. మొదటి వారాలు హాయిగా గడిచాయి. నేనింకా పుట్టింట్లోనే ఉన్నాను. ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి రొమ్ము ఒక పక్క ఎర్రబడి రాయిలా ఉంది. బిడ్డ నోరు పెడితే ప్రాణం పోయినట్టయింది. మధ్యాహ్నానికి వణుకు పట్టింది. ఎండాకాలం, పైన రేకులు. నేను దుప్పటి అడిగితే అమ్మ నవ్వింది. నుదురు ముట్టుకుని చూసి, నవ్వు ఆపేసింది.

పక్కింటి ఎల్లమ్మ పెద్దమ్మ వచ్చింది. "జరమొచ్చిన పాలు పసిదానికి ఇయ్యకే. పానానికొస్తది."

బిడ్డకేమవుతుందోనని భయపడి ఆ వైపు పట్టడం మానేశాను. మర్నాటికి నొప్పి రెట్టింపయింది. మా ఆయన నరేశ్ నాగర్‌కర్నూల్‌లో దవాఖానకు తీసుకెళ్లాడు.

"మాస్టైటిస్," అంది డాక్టరమ్మ. "పాలు నిలిచిపోయి ఇన్ఫెక్షన్ అయింది. ఆపినందుకు ఇంకా పెరిగింది."

"మరి జ్వరం పాలు తాగితే బిడ్డకు?"

"ఏం కాదు. రొమ్ము ఖాళీ చేసే మిషన్ నీ ఒళ్లోనే ఉంది. వాడుకో."

సీబీసీ అనే రక్తపరీక్ష చేశారు. అల్ట్రాసౌండ్‌లో చీముగడ్డ లేదని తేలింది. బిడ్డకు పాలిస్తూ వేసుకోదగ్గ యాంటీబయాటిక్, జ్వరానికి పారాసిటమాల్ రాశారు.

జ్వరం తగ్గుతుండగా తిమ్మాజిపేట నుంచి మా అత్త సత్తెమ్మ వచ్చింది. ఆమె పెరట్లో మల్లెలు విరగబూస్తాయి. ఒక గంప నిండా తెచ్చింది. నా వాపు చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, మెత్తటి గుడ్డలో ఆ పూలు పరిచి రొమ్ములకు కట్టింది.

"సల్లగుంటది బిడ్డా. వాపు గుంజేస్తది."

నిజంగానే చల్లగా ఉంది. రోజూ కొత్త పూలు కట్టింది. వాపు దిగిపోయింది, అందరం సంతోషపడ్డాం. శ్రీజ మాత్రం రొమ్ము పట్టి, వదిలి, ఏడవసాగింది. రోజూ అది తడిపే పొత్తిగుడ్డలు తగ్గిపోయాయి. దవాఖానలో తూచితే బరువు పెరగలేదు. నా పాలు ఎండిపోతున్నాయని నాకు అర్థమైంది.

డాక్టరమ్మ గాలి పీల్చింది. "ఏంది, పెండ్లింట్ల ఉన్నట్టు వాసనొస్తుంది?"

అత్త సంబరంగా ముందుకొచ్చింది. "నేనే కట్టిన మేడం, మల్లెపూలు. మా చిన్నాయన బిడ్డకు కడితే గిట్లనే వాపు వోయింది."

"అప్పుడు ఆమె బిడ్డకు పాలిస్తుండెనా?"

అత్త తల అడ్డంగా ఊపింది. "లేదు మేడం. పిల్లగాడు పుట్టంగనే పోయిండు. పాలు ఆగాలెనని కట్టిండ్రు."

ఆ మాట అన్నాకే అది ఆమె చెవికి చేరింది. నా రొమ్ములకు కట్టిన గుడ్డ తనే విప్పింది.

"ఏడవకమ్మా," అంది డాక్టరమ్మ నా కళ్లు చూసి. "పాలు మళ్లొస్తయ్. బిడ్డ ఎంత గుంజితే అంత తయారైతయ్. ఎదకు ఆనించి పడుకోబెట్టు, మాటిమాటికి పట్టు, తాగినాక చేత్తో పిండి అవి కూడా తాపించు. మూడు రోజులకు మళ్ల తూచుదాం. పెరగకుంటే డబ్బా పాల సంగతి చూద్దాం."

అత్త ఊరికి పోలేదు. నాకు వేడి జొన్నరొట్టె, పప్పు పెట్టడం, శ్రీజను తెచ్చి ఎదమీద వేయడం, అదే పని.

"డబ్బ తెప్పియ్యరాదే సత్తెమ్మా?" అంది పెద్దమ్మ.

"నీ నోటికి మూత తెప్పిస్త ముందు!"

నవ్వితే కూడా పాలు దిగుతాయని అప్పుడే తెలిసింది. నా రవిక తడిసింది.

మూడో రోజు నర్సు తూకం చూసి, "పెరిగిందమ్మా!" అంది. అత్త వార్డంతా వినబడేలా, "నా మనుమరాలు బరువైంది!" అని అరిచింది. నర్సు నోరు మూసుకోమంటూ తనే నవ్వింది.

ఇప్పుడు శ్రీజకు ఏడాది దాటింది. అన్నం తింటుంది, పాలూ తాగుతుంది, నా పుస్తకాల అట్టలు నములుతుంది.

పాలిచ్చే చెల్లెళ్లకు ఒక్క మాట. రొమ్ము గట్టిపడి జ్వరం వస్తే పాలు ఆపొద్దు. ఆరోజే దవాఖానకు పోండి. ఇంట్లో ఏ వైద్యం చేసినా అక్కడ దాచకుండా చెప్పండి.

డాక్టరమ్మ సునీత గారికి, తూకం చూసిన నర్సు మరియమ్మకు, అమ్మకు, నరేశ్‌కు, "చదివింది చాలు, ఇక రాయి" అన్న గ్రంథాలయం సారు వెంకటయ్యకు కృతజ్ఞతలు. నవ్వించిన ఎల్లమ్మ పెద్దమ్మకు కూడా. అందరికంటే ఎక్కువగా మా అత్త సత్తెమ్మకు. ఈ ఎండాకాలం కూడా ఆమె గంప నిండా మల్లెలు తెచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "జడకే బిడ్డా, జడకే!" అంది.