జెండా సగమే కనిపించే గుంత

ఓవర్సీరు గారు పోయారన్న కబురు నాకు మిల్లు గేటు ముందు టీ కొట్లో అందింది. మా గ్యాంగు మేస్త్రి సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకానించి, "ఒరే, ఓవర్సీరుబావు ఇజీనారం ఆస్పత్రిలో తెల్లారగట్ల పోనాడట," అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేలోపే, "గుట్ట మీదున్న గుంతని తీసీమని బంగళా నుంచి ఆర్డరు కూడా ఒచ్చీసినాది," అన్నాడు.

మనిషి పోయిన సంగతి, ఆయన చేసిన పనిని తీసెయ్యమన్న సంగతి ఒకే నోట విన్నాను. మొదటిదానికి ఏడుపొచ్చింది, అది ఆ రోజుతో అయిపోయింది. రెండోదానికి కోపమొచ్చింది. అది ఇంకా ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఇది చదివేవాళ్లలో చాలామంది గాల్ఫ్ ఆట చూసి ఉండరు. మాది జూట్ మిల్లు. తెల్లదొరలున్న కాలంలో మిల్లు వెనక, ఏటికీ గుట్టకీ మధ్యనున్న చౌడు నేలలో తమ ఆట కోసం తొమ్మిది గుంతలు పెట్టించుకున్నారు. చిన్న బంతి, పొడుగాటి కర్ర. కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి, జెండా పాతి ఉన్న గుంతలో వెయ్యాలి, తక్కువ దెబ్బల్లో వేసినవాడు గెలిచినట్టు. కొన్ని గుంతలు దూరం, వాటికి నాలుగైదు దెబ్బలు పడతాయి. కొన్ని పొట్టివి. పొట్టి గుంతకు ఒక్క దెబ్బతోనే బంతి జెండా దగ్గరికి చేరాలి. పెద్ద ఊళ్లలో గుంత చుట్టూ పచ్చగడ్డి పెంచుతారట. మా ఎండకి గడ్డి ఎక్కడ బతుకుతుంది? ఏటి ఇసకలో నూనె కలిపి, రోలరు లాగి, నల్లటి గుండ్రటి చాప పరిచినట్టు చేస్తాం. దాన్ని బ్రౌను అంటారు. ఆ బ్రౌనులు చెయ్యడం, వాన పడితే మళ్లీ చెయ్యడం మా గ్యాంగు పని.

దొరలు వెళ్లిపోయారు. మిల్లు చేతులు మారింది. ఆట మాత్రం మేనేజర్లుండే బంగళాలో మిగిలింది. దాంతోపాటే ఆ నేలనంతా చూసుకునే ఓవర్సీరుగా ఆయనా మిగిలారు.

ఆయన రాజాం వైపు వరి రైతుల ఇంటి మనిషి. సర్వే పని చదువుకుని, ఒక దొర ఇంజనీరు దగ్గర ఈ ఆటస్థలాల పని నేర్చారు. మంచివాడని రాయను. నోరు తెరిస్తే దున్నపోతు, గాడిద తప్ప మా పేర్లు ఆయనకు గుర్తొచ్చేవి కావు. తన పనంటే ఆయనకు గర్వం, ఆ గర్వాన్ని దాచుకునేవారు కాదు. ఏ గుంత దగ్గరైనా ముందు పంచె ఎగ్గట్టి నేల మీద బోర్లా పడుకునేవారు. గడ్డం మట్టికి ఆనించి, ఒక కన్ను మూసి చూసేవారు. మేము నవ్వితే, "మనిషి ఎత్తు నుంచి సూస్తే అంతా సదునే కనిపిస్తాదిరా. బంతి ఎంత ఎత్తుంటాదో అంత ఎత్తు నుంచి సూడాల," అనేవారు. లేచాక చొక్కా దులుపుకోవడం మర్చిపోయి అలాగే బంగళాకి వెళ్లేవారు.

ఒక ఏడు వరదకి ఏటి పక్కనున్న పొట్టి గుంత కొట్టుకుపోయింది. కొత్తది ఎక్కడ పెట్టాలి? గుట్ట తప్ప ఖాళీ లేదు. బంగళాలో అందరూ ఒకే మాట అన్నారు: గుట్ట మీద నిలబడి కిందికి కొట్టేటట్టు పెట్టండి, బంతి పడేది కళ్లారా కనిపిస్తుంది, చల్లగాలి, చూడముచ్చట. ఓవర్సీరు గారు అన్నీ విని, బోర్లా పడుకుని, లేచి, దాన్ని తలకిందులు చేశారు. కొట్టేవాడు కింద, గుంత పైన.

మా మేస్త్రికి అది నచ్చలేదు. "బావూ, కిందన్నుంచి కొట్టినోడికి ఏటి కనిపిస్తాది? జెండా సగమే గదా?"

"సగం సాల్రా. అంతా కనిపించీసినాక ఇంకెందుకు ఎక్కడం?" అన్నారాయన.

అది కట్టడంలో ఆయన ఒక తప్పు చేశారు. అది ఆ తెల్ల ఇంజనీరు చెయ్యడు, వరి పండించే ఇంట్లో పుట్టినవాడే చేస్తాడు. గుట్ట నెత్తిని చెక్కించి, వరి మడిలాగా నీటిమట్టం పెట్టి చదును చేయించి, ఇసక జారిపోకుండా చుట్టూ గట్టు కట్టించేశారు. చేతులు అలవాటైన పని చేసేశాయి. మొదటి వాన పడగానే గుట్ట మీద మడి నిండింది. నూనె పైకి తేలింది. జెండా నీళ్లలో నిలబడింది. రాత్రికి కప్పలు కూడా వచ్చి చేరాయి.

మేస్త్రి ఊరుకుంటాడా? "బావూ, నారు తెమ్మంటారేటి? ఆకుమడి రెడీగున్నాది," అన్నాడు.

మేమంతా పారలు వదిలేసి నవ్వాం. ఆయన ముఖం ఎర్రబడింది. తిట్లు వస్తాయనుకున్నాం. ఆ బురదలోనే బోర్లా పడుకుని చాలాసేపు చూశారు. లేచి, కొట్టేవాడికి ఎదురుగా ఉన్న గట్టును తనే పారతో తెంపేశారు. బ్రౌను మొత్తాన్ని ముందుకి వాల్చమన్నారు, కొట్టేవాడి వైపుకి, చేటలో బియ్యం చూపించడానికి పట్టుకున్నట్టు. నీరు పోయింది. అంతకన్నా ఇంకోటి జరిగింది. ఆ వాలు వల్ల పడిన బంతికి నేలే ఎదురొచ్చి పట్టుకోవడం మొదలుపెట్టింది. తప్పులోంచే ఆ గుంత పుట్టిందని ఆయన ఎవరికైనా చెప్పేవారు, సిగ్గుపడేవారు కాదు.

మొదట నాకు ఆ గుంతంటే మంట. ఏటి ఇసకని తట్టలతో నెత్తి మీద పెట్టుకుని గుట్ట ఎక్కించేది మేము. ఒకనాడు తట్ట ఆయన కాళ్ల దగ్గర కుదేసి అడిగేశాను.

"బావూ, ఆడీది ఆల్లు, నడుం ఇరిగీది మాది. కిందన సదునుగా పెడితే మీ సొమ్మేటి పోద్ది?"

ఆయన పొడుం పీల్చి, తుమ్మి, ముక్కు తుడుచుకుని, "నిజమేరా. నీ నడుం గురించి నాను ఆలోసించనేదు," అన్నారు.

ఇంకో అధికారయితే నా పని ఊడేది. ఆయన మాత్రం ఎడ్లబండి గుట్ట సగం దాకా వచ్చేటట్టు వెనకవైపు బాట తీయించారు. మిగతా సగం తట్టలే. "పైదాకా తీస్తే గుట్ట ఆకారం సెడిపోతాది. అది మాత్రం సెయ్యను," అన్నారు. మా నడుముకి సగం న్యాయం, గుట్టకి సగం న్యాయం. ఆ మిల్లులో అంతకు మించిన న్యాయం నాకింకెవరూ చెయ్యలేదు.

ఎగుడు గుంత, అంటే కింద నుంచి పైకి కొట్టే గుంత, గొప్పేమిటో ఇప్పుడు చెబుతాను. ఆయన చెప్పిందీ, నేను చూసిందీ కలిపి చెబుతున్నాను. మా నేల బండ. చదును గుంతలో ఎంత చెత్తగా కొట్టినా బంతి నేలబారున దొర్లి దొర్లి జెండా దాకా పోతుంది. కొట్టినవాడు మీసం దువ్వుకుంటాడు. దిగుడు గుంతలో బంతి పడ్డాక ఆగదు, పరుగెడుతుంది. ఆగిన చోటు వాడి అదృష్టం. ఎగుడు గుంత ఆ దొంగాట ఒప్పుకోదు. బంతి పైకి లేవాలి, లేచి మెత్తగా దిగాలి. కంటికి దగ్గరగా కనిపిస్తుంది, తీరా కొడితే చాలదు. పైన గాలి వేరు, కింద నిలబడినవాడికి ఆ గాలి తగలదు. పనికిరాని గుట్ట పనికొస్తుంది. ఒకసారి ఎక్కితే తర్వాతి గుంతకి పైనుంచి బయల్దేరొచ్చు, ఎక్కిన శ్రమ వృథా కాదు. అన్నిటికన్నా పెద్దది ఇది: కొట్టాక బంతి ఏమైందో తెలీదు. ఎక్కి చూడాలి. ఎక్కుతున్నంతసేపూ మేనేజరైనా, అతని కర్రల సంచీ మోసేవాడైనా ఒకటే. ఇద్దరికీ తెలీదు.

"దిగుడు గుంత సూడ్డానికిరా. ఎగుడు గుంత ఆడ్డానికి," అనేవారు ఓవర్సీరు గారు.

ఏ దొరా చెప్పని గుణం ఇంకోటి ఉంది దానికి. బంగళా వరండాలోంచి అది కనిపించదు. కింద తుమ్మపొదలు అడ్డం, పైన గుట్ట వంపు అడ్డం. మాలాంటివాళ్లు ఆట కర్ర ముట్టుకోకూడదని అక్కడ రూలు. ఒక సెలవునాడు మధ్యాహ్నం బంగళా నిద్రపోతుంటే, ఆయన వంకరపోయిన పాత కర్ర ఒకటి నా చేతికిచ్చారు.

"కొట్టు."

"నానా బావూ?"

"మోసినోడికి తెలవాలిరా దేనికి మోసినాడో. గట్టిగా కాదు. పైకి. తాడిసెట్టు అవతలికి రాయి ఇసిరినట్టు."

కొట్టాను. బంతి లేచింది, గుట్ట అంచు దాటింది, మాయమైంది. నేను పరుగెత్తబోయాను. అప్పటికే ఆయనకి దగ్గు. "ఆగరా, నన్ను రానీ. ఇద్దరం కలిసి సూద్దాం," అన్నారు. మధ్యమధ్య ఆగుతూ ఎక్కాం. పైన, జెండా కర్రకి మూరెడు దూరంలో బంతి ఉంది.

"గుడ్డిదెబ్బరా దున్నపోతా," అన్నారు. కానీ బంతిని వెంటనే తియ్యనివ్వలేదు. దాన్ని చూస్తూ పొడుం పీల్చుకున్నారు.

తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. పై ఊరివాడు, మాట మెత్తన. కొండల వైపు పోలీసు లారీలు తిరుగుతున్న రోజులవి. మిల్లుకి పెద్ద ఆఫీసర్లు వచ్చిపోతుండేవాళ్లు. వాళ్లను వెంటేసుకుని మేనేజరు ఆ గుంత ముందు నిలబడ్డాడు. బలంగా కొట్టాడు. బంతి గుట్టకు తగిలి దొర్లుకుంటూ తిరిగొచ్చి బూటు దగ్గర ఆగింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ వచ్చింది. మూడోసారి కూడా. మా మేస్త్రి నవ్వేసి, నవ్వును దగ్గులోకి దింపాడు. ఆఫీసర్లు దింపలేదు, పైకే నవ్వారు.

ఆ సాయంత్రమే మేనేజరు ఓవర్సీరు గారిని పిలిచి మా ముందే చెప్పాడు. "దీన్ని తిప్పేయండి. పైనుంచి కిందికి కొట్టేటట్టు."

"బంతి తిరిగొస్తే తప్పు గుట్టది కాదండి, దెబ్బది," అన్నారీయన. "నేనుండగా తిప్పను."

మేనేజరు ఆయన దగ్గు ఆగేదాకా ఆగి, నవ్వాడు. "సరే, మీ తర్వాతే తిప్పుదాం లెండి. మాకేం తొందర లేదు."

ఒక మనిషి చావు కోసం అంత మర్యాదగా కాచుకుని కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. గేటు దగ్గర కనిపించినప్పుడల్లా "ఒంట్లో ఎలా ఉంది ఓవర్సీరు గారూ?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు చేతిలోని పార బరువెక్కేది.

ఆస్పత్రిలో ఆయన్ని చివరగా చూసింది నేనూ, మేస్త్రీ. మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టారు. మాట పూర్తయ్యేలోపు ఊపిరి అయిపోతోంది. ముందు వాన గురించి అడిగారు. నీరు ఎటు పోతోందని అడిగారు. ముందుకే పోతోందన్నాం. ఆ తర్వాత అన్నారు: "తిప్పీమంటే తిప్పీండిరా. నా గురించి మీ కడుపులు మాడ్సుకోకండి."

ఆ మాట ఆయన అనకుండా ఉంటే బాగుండేది. అనేశారు కాబట్టి, పార పట్టనని మొండికెయ్యడానికి కూడా మాకు దిక్కు లేకపోయింది.

ఏటి ఒడ్డున దహనం జరిగింది. బంగళా నుంచి ఒక దండ వచ్చింది, బంట్రోతు చేత. మనిషి రాలేదు. గుంతను తీసేసే పని పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి మొదలుపెట్టమన్నారు. అది వాళ్ల దయ. గుంత ఇప్పుడు లేదు, మేమే తీసేశాం. ఇప్పుడు పైనుంచి కిందికి కొడతారు, బంతి పడగానే చప్పట్లు కొడతారు, చూడముచ్చటగానే ఉంది. ఇందులో దాచేదేమీ లేదు. నేను రాయాల్సింది పని మొదలుపెట్టాల్సిన ఆ ఉదయం గురించి.

ఆయనకు భార్యా పిల్లలు లేరు. ఎప్పుడో భర్త పోయిన అక్క ఒకామె ఆయనకు వండిపెట్టేది. ఆయనలాగే మేమూ ఆమెను అప్పా అనే పిలిచేవాళ్లం. మిల్లు క్వార్టర్లలో ఆడవాళ్లని కంచె దాటి ఆటస్థలంలోకి రానివ్వరు. అన్నేళ్లలో ఆమె ఆ గుట్టను దూరం నుంచే చూసింది. ఆ ఉదయం మేము పారలతో పైకి చేరేసరికి ఆమె కంచె దాటి, గుట్ట ఎక్కుతూ కనిపించింది.

నేను కిందికి పరుగెత్తి చెయ్యి ఇవ్వబోయాను.

"తియ్యరా సెయ్యి. నా తమ్ముడు ఎక్కిన గుట్ట నానెక్కనేనేటి?"

ఆగి, కూర్చుని, లేచి, మొత్తానికి ఎక్కింది. బ్రౌను చుట్టూ తిరిగింది. వేలితో గీరి చూసింది.

"ఏటీ నేదేటిరా ఇక్కడ? ఇసకేనా?"

"ఇసకేనప్పా," అన్నాడు మేస్త్రి.

"దీనికేనా అన్నం సల్లారిపోయీదాకా ఇంటికొచ్చీవోడు కాదు?"

ఆమె బ్రౌను మధ్యలో కూర్చుంది. అప్పుడే కింద మేనేజరు వచ్చాడు, పక్కన బంట్రోతు గొడుగు పట్టుకుని. పని ఇంకా మొదలవలేదేమని బంట్రోతు అరిచాడు. పైన ఎవరో ఆడమనిషి ఉందని తెలిసి, ఆమెను దించేయమని మళ్లీ అరిచాడు.

"ఎవులాడు?" అంది అప్ప.

"మేనేజరుగారప్పా. నిన్ను దిగమంటన్నారు. పని మొదలెట్టాలట."

"నాకినిపించదు. సెప్పీదేదో ఎక్కొచ్చి సెప్పమను."

మేస్త్రి గొంతెత్తి ఆ మాటను ఉన్నదున్నట్టు కిందికి పంపాడు. మేనేజరు గొడుగు కింద నుంచి బయటికి వచ్చాడు. ఒక అడుగు వేశాడు. తలెత్తి గుట్టను చూశాడు. అక్కడే ఆగిపోయాడు. మేము పారల మీద చేతులు ఆనించి నిలబడ్డాం. అప్ప కాళ్లు చాపుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునే ఉంది. ఆమె తెల్లకోక అంచులోకి బ్రౌను నూనె నల్లగా, మెల్లగా పాకుతోంది.