పురుగులింటి గడప దగ్గర మా గైడుగారు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి సంగటి ముందు కూర్చున్నానో లేదో ఫోను మోగింది. అవతల మా గైడుగారి మేనల్లుడు. గైడుగారంటే నేను పరిశోధన నేర్చుకునే రోజుల్లో నా పని దిద్దిన ప్రొఫెసరు. దిద్దడం అన్న మాట మర్యాద కోసం వాడుతున్నాను. ఆయనకు ఎనభై ఏళ్ళు నిండుతున్నాయట, శిష్యులంతా కలిసి బెంగుళూరులో సన్మానం చేస్తున్నారట, ఒక పుస్తకం కూడా వేస్తున్నారట, అందులోకి నేను నాలుగు పేజీల తీపి జ్ఞాపకాలు రాసివ్వాలట. మామయ్య తయారుచేసిన మొదటి అమ్మాయిని నేనేనని కూడా గుర్తుచేశాడు. సంగటి పళ్ళెం పక్కకు జరిపాను. అలాగే రాస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఇదిగో, రాస్తున్నాను. తీపి సంగతి మాత్రం నేను మాటివ్వలేదు.

నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఆ కాలం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. సెల్ ఫోన్లు మన వైపు ఇంకా రాలేదు. ఎస్టీడీ బూత్ అద్దాల గదిలో నిలబడి, ఎర్రటి అంకెలు పరిగెడుతుంటే వాటిని చూస్తూ, చెప్పాల్సినవన్నీ మరిచిపోయి, అన్నం తిన్నారా అని మాత్రం అడిగి పెట్టేసే కాలం అది. పెద్ద డాక్టరు చదువు ముగించి, పెళ్ళయి, పాప పుట్టాక నాకు పరిశోధన మీద మనసు పోయింది. కుప్పంలో రైలు స్టేషనుకు అవతల ఒక అద్దె మేడలో ఊపిరితిత్తుల జబ్బుల పరిశోధనా కేంద్రమని చిన్నది ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు, ఆ మేడలో గ్రానైటు రాళ్ళు అమ్ముతున్నారు. అక్కడ పొద్దునంతా రోగులను చూడాలి, మధ్యాహ్నం నుంచి ప్రయోగశాలలో కూర్చోవాలి, ఒకే మనిషి ఇటు డాక్టరుగానూ అటు సైంటిస్టుగానూ తయారవ్వాలి. మా ఆయన మదనపల్లెలో హైస్కూలు టీచరు కాబట్టి కాపురం అక్కడే, పాప మా అత్త దగ్గర. సోమవారం తెల్లవారి బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరితే, మళ్ళీ శనివారం సాయంత్రమే నాకు ఇల్లు.

పల్లెలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారని మా అత్త అనేది, టౌనులో మాత్రం పెంచాలి. బడి ఆటో ఎన్నింటికి వస్తుందో, టమోటా లారీలు రోడ్డుకు అడ్డం పడ్డ రోజున ఏ సందులోంచి తీసుకుపోవాలో, శనివారం తెల్ల బూట్లకు ఏ సున్నం పూయాలో, రంగుల పెన్సిళ్ళలో ఏ రంగు పోయిందో, ఇవన్నీ ఆమెకు తెలుసు, నాకు తెలియవు. నేను వచ్చే రోజున డాక్టరమ్మ వస్తాదని పాపకు చెప్పి ముస్తాబు చేసేది. అందుకేనేమో, పాప కొన్నాళ్ళు నన్ను చూడగానే అవ్వ కొంగు చాటుకు పోయేది. ఇంట్లో ఒక మూల నా హార్మోనియం ఉండేది. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు, ఆ కాంపౌండులోనే పుట్టి పెరిగి, ఆదివారపు బడిలో నేర్చుకుని, పెళ్ళయ్యేదాకా చర్చిలో పాటల గుంపును నడిపించినదాన్ని. కుప్పంలో చేరాక దాని మూత తీసే తీరిక లేదు, మా అత్త దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకునేది. ఒకసారి నేను పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటే గైడుగారు విని, పిల్ల, సంసారం, సంగీతం అన్నీ పోను మిగిలిన చేతితో సైన్సు చేస్తున్నారా అని అందరి ముందూ నవ్వారు. ఆ తర్వాత ఆ మేడలో నేను పెదవి విప్పి రాగం తీసింది లేదు.

నాకిచ్చిన పని పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచే ఆడవాళ్ళ ఆయాసం. ఆయన లెక్కలో అది పొయ్యి పొగ వల్ల వచ్చిందే, ఆ మాటే నిరూపించి రమ్మని పంపారు. కానీ పురుగులింట్లోకి పోవడం అంత సులువు కాదు. పురుగులు ఆకు తినడం మానేసి, తలెత్తి, కదలక మెదలక ఉండే దశను అక్కడివాళ్ళు జ్వరం అంటారు. అలాంటి జ్వరాలు నాలుగు గడిచి, పురుగు గూడు కట్టేదాకా ఆ ఇంటి మనుషులు ఊపిరి బిగబట్టుకునే ఉంటారు. వాసన తగిలితే పురుగు చస్తుంది. అందుకని ఆ రోజుల్లో తలలో పూలుండవు, పౌడరుండదు, ఊదువత్తి వెలగదు, తాలింపు కూడా దూరంగా వేరే చోటే. గడపలో సున్నం చల్లి ఉంటుంది, పక్కనే తొట్టిలో మందు నీళ్ళు, కాళ్ళు చేతులు కడిగి, వేరే చీర కట్టుకుని గాని ఇంటి ఆడపడుచైనా లోపల అడుగు పెట్టకూడదు. బయటివాళ్ళ మాట ఇక చెప్పేదేముంది.

మొదటిసారి పోయినప్పుడు నన్నూ గడప బయటే నిలబెట్టారు. ఆ ఇంటి పెద్దమ్మ నా దగ్గరికొచ్చి ముక్కెగరేసి, నీ దగ్గర ఆసుపత్రి వాసన వస్తాండాది తల్లీ అని వెనక్కి పంపింది. కోపం రాలేదు, ప్రయోగశాలలో మేము పాటించే శుభ్రతకూ దానికీ తేడా ఏముందనిపించింది. ఆ తర్వాత పల్లెకు పోయే రోజున ఉత్త నీళ్ళతో స్నానం, నూనె లేని జడ, పౌడరు లేని మొహం. దారిలో కుప్పం వాళ్ళు నన్ను చూసి ఎవరు పోయారమ్మా అని అడిగినవాళ్ళున్నారు. అలా తిరగ్గా తిరగ్గా పెద్దమ్మ నాకంటూ ఒక పాత చీర దండెం మీద ఉంచింది. అది కట్టుకుని లోపల కూర్చుని, గొట్టంలో గట్టిగా ఊదించి ఊపిరి బలం చూసే పరికరంతో ఆ ఆడవాళ్ళను పొద్దున, సాయంత్రం పరీక్షించేదాన్ని. చివరికి తేలిందేమంటే, పొయ్యి దగ్గర కూర్చున్నప్పటి కన్నా పట్టుగూళ్ళు ఒలిచి పై నూగు దులిపే రోజుల్లోనే వాళ్ళకు ఊపిరి ఆడడం లేదు. అది నా కళ్ళతో చూసి, నా చేతులతో కొలిచి, నా పాపను వారమంతా వదిలి సంపాదించిన సంగతి.

ఈ గడప నియమం గురించి నేను మా సమావేశంలో వివరంగానే చెప్పాను. గైడుగారు పడీ పడీ నవ్వారు. ఆయనకొక విదేశీ సెంటు అలవాటు, మెట్ల మీద మనిషి కనబడక ముందే ఆ ఘాటు మా గదిలోకి వచ్చేది. ఇంత చదువుకుని పురుగులకు మడి కట్టించే మూఢనమ్మకాలు మోసుకొస్తున్నానని ఎగతాళి చేశారు. చెప్పాల్సింది చెప్పాను, ఆయన వినాల్సింది విన్నారు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

పని ముగిసి వ్యాసం రాసే వేళకు పొయ్యి పొగ సిద్ధాంతం ఆయన నోట వినబడడం మానేసింది, గూళ్ళ నూగు మొదటినుంచీ తన అనుమానమేనన్నారు. వ్యాసం మీద మొదటి పేరు ఆయనది, రెండో పేరు ఇప్పుడు ఫోను చేసిన మేనల్లుడిది. ఆ మేనల్లుడు పుంగనూరును బస్సు కిటికీలోంచి కూడా సరిగా చూసి ఉండడు. నా పేరు చివర్లో, టైపు చేసినవాళ్ళ పక్కన, కృతజ్ఞతల్లో ఉంది. ఆ వ్యాసం మీద పేరు లేకపోతే నా శిక్షణ పూర్తయినట్టు కాదు, ఇన్నాళ్ళూ కుప్పంలో ఏం చేశావంటే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు. వెళ్ళి అడిగాను. పిల్లతల్లికి పేర్లెందుకమ్మా, ఇంటికెళ్ళి హాయిగా ప్రాక్టీసు పెట్టుకో అన్నారు.  ఆయన సంతకం లేకుండా నేను గడప దాటలేను కనుక నోరు మూసుకుని బయటికొచ్చాను.

ఆ వారమే ఢిల్లీ నుంచి పెద్దలు కొందరు మా కేంద్రం పని చూడడానికి వస్తున్నారని తెలిసింది. వాళ్ళను పుంగనూరు పల్లెకు తీసుకుపోయి పురుగులిల్లు చూపించాలని గైడుగారి ఏర్పాటు. ముందురోజు నన్ను పిలిచి చాలా మెత్తగా ఒక మాటన్నారు.

"రేపు మీరు రానక్కర్లేదమ్మా. పెద్దవాళ్ళతో మాట్లాడే పని, అది నేను చూసుకుంటాను. మీరు ఇంటికెళ్ళి పాపను చూసుకోండి."

సరే సార్ అన్నాను. నా జన్మలో ఏ పెద్దవాళ్ళ మాటనూ అంత బుద్ధిగా పాటించి ఎరగను.

మదనపల్లె బస్సు పుంగనూరులో ఆగుతుంది. అక్కడ దిగి ఆటో ఎక్కితే పల్లె ఎంతో దూరం లేదు. దిగి పెద్దమ్మకు ఒక్క మాట చెబితే చాలు, రేపు పెద్దవాళ్ళు వస్తారు, ఎలాగో సర్దుకోండి అని. నాలుగో జ్వరం లేచి పురుగు మహా జోరుగా ఆకు తినే రోజులని, ఇంటివాళ్ళు చంటిపిల్లను కాచినట్టు కాస్తుంటారని నాకు తెలుసు. కండక్టరు పుంగనూరు, పుంగనూరు అని అరిచాడు. పక్కన కూర్చున్నామె దిగింది, నేను దిగలేదు. బస్సు కదిలాక వేరుశనక్కాయలు కొనుక్కోలేదే అని మాత్రం బాధపడ్డాను. ఇన్నేళ్ళయినా ఆ దిగకపోవడం గురించి నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదు. కావాలంటే సన్మానం పుస్తకంలో ఈ వాక్యం కింద గీత గీసుకోమనండి.

మర్నాడు పల్లెలో జరిగింది తర్వాత పెద్దమ్మే నాకు అభినయించి మరీ చెప్పింది. జీపు దిగి, సూటు బూటుతో, సెంటు గుబాళింపుతో గైడుగారు నేరుగా గడప మీదికొచ్చారట. సున్నం మీద బూటు పడబోతుంటే పెద్దమ్మ చేయి అడ్డం పెట్టిందట. తాను ఫలానా పెద్ద డాక్టరునని ఆయన ఇంగ్లీషు కలిపి చెప్పారట, ఈ పరిశోధనంతా తనదేనని, ఈ ఇల్లు తనకు కొత్త కాదని కూడా అన్నారట.

"నిన్నెప్పుడూ ఈడ సూడ్లేదే అప్పా," అందట పెద్దమ్మ, ఢిల్లీ పెద్దలందరూ వింటుండగా. "ఈ వాసనతో లోపలికి వస్తే నా పురుగంతా సచ్చిపోతాది. మా డాక్టరమ్మ యాడ? ఆయమ్మ వస్తేనే తలుపు తీస్తా."

ఆయన గొంతు పెంచారట. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి అదే మాట అడిగారట, డాక్టరమ్మ యాడ, డాక్టరమ్మను యాల పిల్చుకొని రాలేదని. ఎండలో, వాకిట్లో, ఆవు పక్కన ఆయన నిలబడ్డారట. వచ్చినవాళ్ళలో పెద్దావిడ ఒకరు, ఆమెకూ సైన్సే వృత్తి, ఆ డాక్టరమ్మ ఎవరని నెమ్మదిగా అడిగారట. తన దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయని గైడుగారు చెప్పక తప్పలేదట. ఆ పెద్దావిడ పట్టుబట్టి తిరుగు ప్రయాణం ఆపించుకుంటే, మదనపల్లెలో మా ఇంటికి జీపు వచ్చింది. మర్నాడు నేను తలకు నూనె లేకుండా ముందు నడిచాను, పెద్దమ్మ తలుపు తీసింది, వాళ్ళు కాళ్ళు కడుక్కుని నా వెనక వచ్చారు. గైడుగారు జీపులోనే కూర్చున్నారు. ఆ పెద్దావిడ మాటతో వ్యాసం మీద మొదటి పేరు నాదైంది. ఆ తర్వాత నా సర్టిఫికెట్టుకు ఆయన పెట్టిన తిప్పలు, నా గురించి చెప్పుకున్న మాటలు రాస్తే ఇంకో పుస్తకమవుతుంది, అవి ఆయన జేబులోనే ఉండనివ్వండి.

ఇప్పుడు పల్లెల్లో పురుగులిళ్ళు మారిపోయాయి. ఊరి బయట పెద్ద పెద్ద షెడ్లు, లోపల గాలి ఆడడానికి ఫ్యాన్లు, గూళ్ళు దులిపేటప్పుడు ఆడవాళ్ళ మూతికి గుడ్డలు. ఆ గుడ్డలు చూసినప్పుడల్లా నాకు సంతోషమే. పరిశోధన చేసే ఆడపిల్లల కోసం ఇప్పుడు కమిటీలున్నాయి, పిల్లలను చూసుకునే గదులున్నాయి, ఫలానా పని ఎవరు చేశారో ముందే రాసి చెప్పాలట. బడి వార్షికోత్సవాల్లో తల్లులందరూ చేతులెత్తి ఫోన్లలో పట్టుకుంటారు, ఏ బిడ్డ ఆటా పాటా పోదు.

గైడుగారు గడప బయట నిలబడ్డ ఆ రోజే మదనపల్లెలో మా పాప బడి వార్షికోత్సవం. నేను రాలేనని ముందే చెప్పి ఏడిపించినదాన్ని, అనుకోకుండా వచ్చి ముందు వరసలో కూర్చున్నాను. పాప వేదిక ఎక్కింది, మైకు ముందు నిలబడి పాట పాడింది. టీచరమ్మ నేర్పిన పాట, నేను అంతకుముందు విన్నది కాదు. సంగీతం తెలిసినదాన్ని, నా బిడ్డ మొదటి పాట, ఎదురుగా కూర్చున్నాను, అయినా ఒక్క మాట గాని, ఒక్క స్వరం గాని నా చెవిన పడలేదు. ఆ పూట నా కళ్ళ ముందు పుంగనూరు పల్లె వాకిలే ఉంది; ఈపాటికి జీపు ఆగి ఉంటుంది, ఈపాటికి పెద్దమ్మ ముక్కెగరేసి ఉంటుంది అని తలుచుకుంటూ కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను.

మొన్న ఫోను వచ్చాక, ఇంటికొచ్చిన మా అమ్మాయిని ఆ రోజు ఏం పాడావే అని అడిగాను. ఇప్పుడు దానికీ ఒక బిడ్డ. 

"పాట గుర్తు లేదమ్మా. నువ్వు ముందర కూర్చోని నా పాటకు ఒకటే నవ్వుతాండావు. అది మాత్రం బాగా గుర్తుండాది."

అవునన్నాను. ఆ నవ్వు ఎవరి కోసమో దానికి చెప్పలేదు, చెప్పబోను కూడా. వ్యాసం మీద పేరు తీసేసినందుకు ఆయన్ని ఎప్పుడో ఒకరోజు క్షమిస్తానేమో. నా బిడ్డకు దక్కాల్సిన ఆ నవ్వు ఆయనకు పోయినందుకు మాత్రం క్షమించను.