సాంచల చాటున బతికేవాళ్లు

నేను డిగ్రీ చదివి, సూరత్ వెళ్లి సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ణి. చదువుకూ సాంచకూ సంబంధం లేదని మా రూములో పెద్దాయన, అందరం కాక అని పిలిచే మనిషి, తరచూ గుర్తుచేసేవాడు. నేను మరిచిపోతానేమోనని ఆయన భయం కాబోలు.

సూరత్‌లోని బమ్రోలిలో మేం ఏడుగురం ఒక రూములో ఉండేవాళ్లం. సందుకు అవతల, కిటికీకి ఎదురుగా కార్ఖానా. రూమూ కార్ఖానా ఒకే యజమానివి. పన్నెండు గంటలు లోపలుండి ఆ చప్పుడు వినేవాళ్లం, మిగతా పన్నెండు గంటలు బయటినుంచి అదే వినేవాళ్లం. ఏళ్ల తరబడి సాంచల మధ్య నిలబడితే వినికిడి సగానికి పడిపోతుంది. లోపల సైగలతో మాట్లాడుకుంటాం, బయట అరుస్తాం. అరుస్తున్నామని మాకు తెలియదు. మా వరకు అది మామూలు మాటే.

లాక్‌డౌన్ పెట్టిన రోజు చప్పుడు ఆగిపోయింది. సందు గొంతు ఎవరో పట్టుకున్నట్టయింది. కాక రెండుసార్లు లేచి కిటికీ తెరిచి చూశాడు, కార్ఖానా అక్కడే ఉందా అని.

మూడో రోజు మధ్యాహ్నం ఆయనే అన్నాడు: "డిగ్రీ సాబ్, ఏదన్న కథ జెప్పరాదు. నీ సదువు గిట్లనన్న పనికొస్తది."

నేనొక లోకం కల్పించాను. అందులో మనుషులున్నారు, మనుషులు కానివాళ్లూ ఉన్నారు. ఆ రెండో జాతివాళ్లకు పెదవులు లేవు, బూడిదరంగు ఒళ్లు, చెవులు మణికట్టు మీద. వాళ్ల ఊపిరి తగిలితే పంట మాడిపోతుందని మనుషుల నమ్మకం. అందుకని ఊపిరి వినిపించిన చోటల్లా వెతికి చంపేవాళ్లు. మిగిలినవాళ్లు జలపాతాల వెనక, తిరగళ్ల కింద చేరారు. పక్కన ఏదో ఒకటి మోగుతున్నప్పుడే ఊపిరి తీసేవాళ్లు. ఉరుములున్న రోజే ప్రసవాలు. తల్లి బిడ్డకు మొదట నేర్పేది పాలు తాగడం కాదు, ఊపిరి బిగబట్టడం.

మా రూములోనే ఉంటూ నా పక్క సాంచ నడిపే అన్న అంతా విని అడిగాడు: "మరి గా జలపాతం ఆగిపోతే ఏం జేస్తరు?"

"రేపు చెప్తా అన్నా," అన్నాను. నాకూ తెలియదని ఒప్పుకోవడం కంటే అది మర్యాదగా అనిపించింది.

మర్నాటికి అన్నకు జ్వరం, దగ్గు. అంతకు ముందే పక్క బిల్డింగులో ఒకతను దగ్గితే బండి వచ్చి తీసుకుపోయింది. అతని రూమువాళ్లు సంచులతో సహా రోడ్డు మీద పడ్డారు. అతను ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. మనిషిని దాచలేం, ఏడుగురం అని యజమానికి తెలుసు. దగ్గునే దాచాలి.

"డిగ్రీ సాబ్ జెప్పిన తీరుగ జేద్దాం," అన్నాడు కాక. కుక్కర్ కూత వేసినప్పుడే దగ్గాలి. కూత లేకపోతే ఎవరో ఒకరు గిన్నె కింద పడేస్తారు. గిన్నెలన్నీ సొట్టలు పోయాయి.

అన్న మా అంచనా కంటే బాగా నేర్చుకున్నాడు. కళ్లు తెరుచుకుని, ఛాతీ కదలకుండా, కూత కోసం కాచుకుని పడుకునేవాడు. ఉన్నాడో లేడో చూడాలంటే వంగి చూడాల్సి వచ్చేది. ఒక మధ్యాహ్నం అలా వంగితే, మణికట్టు గోడకు ఆనించి ఉంది.

"ఏంది అన్నా?"

"ఇంటున్న," అన్నాడు.

ఆ మణికట్టు సంగతి నేను సరదాకి పెట్టింది.

జ్వరం వచ్చిన నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం యజమాని వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, మాస్కు సర్దుకుంటూ, "కిసీకో బుఖార్?" అన్నాడు. ఎవరికీ జ్వరం లేదని అందరం తలలు ఊపాం. అంతటితో పోయేదే. కానీ కాక నా చెవి దగ్గరికి వంగి రహస్యం చెప్పాడు, సాంచల మనిషి చెప్పే రహస్యం:

"వాని నోరు మూయుర్రి! ఇప్పుడు దగ్గిండంటే అందరం రోడ్డు మీదనే!"

పక్క బిల్డింగులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఇరవై ఏళ్లుగా మనవాళ్లకే రూములు ఇస్తున్న యజమానికి ఆ మాత్రం తెలుగు వచ్చు. ఆయన మూలనున్న దుప్పటి వైపు చూశాడు. "ఇస్కో ఉఠావో," అన్నాడు. లేపమని. దుప్పటి కింద ఛాతీ ఒక్కసారి ఎగిరి, బిగుసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

అప్పుడు సందుకు అవతల సాంచ మొదలైంది. ఒక్కటే. ఖట్, ఖట్, ఖట్.

యజమాని గిరుక్కున తిరిగాడు. "కౌన్ చలా రహా హై?" ఎవరు నడుపుతున్నారని అరుస్తూ తాళాల గుత్తితో మెట్లు దిగి పరుగెత్తాడు. దుప్పటి కింద దగ్గు వచ్చింది, నాలుగు రోజుల దగ్గంతా. అది తగ్గేదాకా సాంచ ఆడింది. తగ్గాక ఆగింది.

కిటికీలోంచి చూశాం. కార్ఖానా తాళం వేసినట్టే ఉంది. ఆయన తీసి లోపలికి వెళ్లి, వెంటనే బయటికి వచ్చి, మా కిటికీ వైపు చాలాసేపు చూశాడు. లాక్‌డౌన్ రోజు పీకేసిన కార్ఖానా మెయిన్ ఫ్యూజులు ఆయన ఇంట్లోనే ఉన్నాయని తర్వాత తెలిసింది. మళ్లీ జ్వరం సంగతి ఎప్పుడూ అడగలేదు. మా ఏడుగురి చెవుల సాక్ష్యం ఎక్కడా చెల్లదు, ఒప్పుకుంటాను. ఆయన చెవులు మాత్రం బాగానే పనిచేసేవి.

వారానికి అన్న లేచి కూర్చున్నాడు. కథలో తర్వాతేమైందని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

కార్ఖానా మళ్లీ తెరిచిన రోజు ఎవరి సాంచ దగ్గరికి వాళ్లం పోయాం. పని దిగేటప్పుడు నేసిన గుడ్డ చివర సుద్దతో గీత గీయడం మా అలవాటు, అక్కడిదాకా నాది అని. అన్న గీసిన గీత చెరగకుండా ఉంది. దాని తర్వాత జానెడు గుడ్డ నేసి ఉంది. ఒక్క పోగు తెగలేదు.

కాక గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. "కథ గిట్ల ఇగ జెప్పకు బిడ్డా," అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

అన్న పాత గీతను అరచేత్తో తుడిచేశాడు. కొత్త గీత ఆ జానెడు తర్వాత ఒక్కటే గీసి ఊరుకోలేదు. దానికి ముందొకటి, వెనకొకటి గీశాడు, ఆ ముక్క ఎవరిదో వాళ్లకే వదిలేసి. సాంచకు మణికట్టు ఆనించి కాసేపు నిలబడ్డాడు. మోటారు వేశాడు. చప్పుడు అందుకున్నాక, ఊపిరి తీసుకున్నాడు.