ఏ పురుగు?

సారు పోయారన్న కబురు కూరగాయల ఆటో అతను చెప్పాడు. అప్పుడు నేను గోబిగడ్డ, అదే క్యాబేజీ, తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. ఇంకేం చేయాలో తోచలేదు.

మందమర్రిలో నాది చిన్న కర్రీపాయింట్. ఇంట్లోనైనా కొట్లోనైనా నేనొక్కదాన్నే. సారు ఒకప్పుడు మాకు జీవశాస్త్రం చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక రోజూ స్టీలు డబ్బా పట్టుకొచ్చి పప్పు తీసుకెళ్లేవారు.

ఆ వీడియో మీలోనూ చాలామంది చూసే ఉంటారు. గోబిగడ్డలో పురుగు ఉంటుందట, ఎంత ఉడికించినా చావదట, మెదడులోకి పాకుతుందట. పాడు వీడియో! అది వచ్చాక డ్యూటీ దిగిన గని కార్మికులు నా గిన్నెల్లోకి తొంగిచూసి వెళ్లిపోసాగారు. గోబికూరే కాదు, పప్పు కూడా మిగిలిపోయేది. కొట్టు మూతపడితే పొద్దంతా నేనెవరితో మాట్లాడాలి? నాకదే బెంగ పట్టుకుంది.

"అక్కా, నీ కూరల్ల పురుగులున్నయంట గదా" అని ఒకాయన మొహం మీదే అనేశాడు.

సారు అక్కడే ఉన్నారు. "ఏ పురుగు?" అన్నారు.

"పురుగే సారూ" అన్నాడతను తెల్లబోయి.

"మనకు అన్నీ పురుగులేనాయె! ఆకుల కనబడేది గొంగళిపురుగు. ఉడికితే సస్తది, నీ మెదడుకేం పోదు. మెదడుకు పోయేది బద్దెపురుగు పిల్ల. కడుపుల గా పురుగున్నోళ్ల మలంకెల్లి దాని గుడ్లు మట్టికి, నీళ్లకు, పచ్చి కూరగాయలకు అంటుతయి. గా భయం నిజమే. గోబికే కాదు, కొత్తిమీరకు గూడ అంటొచ్చు. మంచిగ కడిగి ఉడకబెడితే ఫికర్ లేదు."

తర్వాత నావైపు తిరిగారు. "బిడ్డా, నువ్వు కడుగుతున్నవా?"

నాకు ఒళ్లు మండింది. "కడగకుంట వండుతనా సారూ!"

"చెప్తె కాదు, వాళ్లకు కనబడాలె."

ఆ రోజు నుంచి గోబి ఆకులు విప్పి కొట్టు ముందే కడిగాను. సారు పప్పు మానేసి గోబికూర పెట్టించుకొని, అక్కడే స్టూలు మీద కూర్చుని అందరికీ కనబడేలా తినేవారు. ఎవరు ఫోన్ చూపించినా అదే ప్రశ్న, "ఏ పురుగు?" అదొక నవ్వులాట అయిపోయింది. "భయపడుడు తప్పు గాదు, దేనికి భయపడాల్నో తెల్వాలె" అనేవారు.

మెల్లగా జనం వచ్చారు. అయినా సారు స్టూలు వదల్లేదు. ఇంట్లో ఒక్కరే తినడం ఆయనకూ కష్టంగానే ఉండేదేమో. ఆ మాట మేమెన్నడూ పైకి అనుకోలేదు.

దినాలనాడు ఆయన చెల్లెలు నా చేయి పట్టుకుంది. "మా అన్నకు చిన్నప్పటిసంది గోబి వాసనే పడదమ్మా. నీ దగ్గర ఎట్ల తిన్నడో!" అంది. నేను ఏడ్చాను, అంతమందిలోనే.

నిన్న ఒక కార్మికుడు ఫోన్ ముందుకు చాపాడు. "అక్కా, చేపల్ల పురుగులంట, జర సూడు."

"ఏ పురుగు?" అన్నాను. అని, అలవాటుగా స్టూలు వైపు చూశాను.

దానిమీద అతని హెల్మెట్ ఉంది. తీయమని అనబోయి, ఊరుకున్నాను.