విండ్సర్‌లో రెండో సాక్షి

ఈ ప్రయాణానికి కారణం నేనిచ్చిన ఒక మాట. నాలుగేళ్ళ కిందట సూర్యాపేట బస్టాండు ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుని, చేతిలో పది రూపాయల చిన్న పుస్తకం ఊపుతూ, "యాదీ, నువ్వు కులం చూడకుండ పెండ్లి చేసుకో, సాక్షి సంతకం నాది. ఏ దేశంల ఉన్నా వస్త" అన్నాను. మా చదువంతా అలాంటి చిన్న పుస్తకాలతోనే సాగింది. కులనిర్మూలన సభల బయట చాప మీద పరిచి అమ్మేవి తెచ్చుకుని, రాత్రికి చదివి, పొద్దున్నే ఎవరితోనో ఒకరితో గొడవకు దిగేవాళ్ళం. ఇప్పుడు యాదగిరి కెనడాలోని విండ్సర్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. నేను చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్నాను. నా భార్య మేఘన ఇక్కడే పెరిగిన అమ్మాయి, అమెరికా పౌరురాలు, ఫిజియోథెరపిస్టు. ఆమె భర్తగా వీసా మీద వచ్చి ఐదు నెలలైంది. "పెండ్లాం వీసా మీద పోయిండట" అని నవ్వినవాళ్ళకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

ఒక సోమవారం యాది ఫోన్ చేశాడు. "శుక్రవారం ఒంటిగంటన్నరకు సిటీ హాల్ల పెండ్లి. ఇద్దరు సాక్షులు గావాలె. లావణ్య రూమ్మేట్ ఒకామె వస్తది. రెండోది నువ్వే. మాటిచ్చినవ్, యాదున్నదా?" లావణ్యది కాకినాడ. వాళ్ళ అన్న టొరంటోలో ఉంటాడు. ఆదివారం ఒక సంబంధం వాళ్ళను వెంటబెట్టుకుని వస్తున్నాడని కబురు. విండ్సర్‌లో తెలుగువాళ్ళకు కొదవ లేదు గానీ, ఎవరికి చెప్పినా సాయంత్రానికి ఆ అన్న చెవిన పడుతుంది. సిటీ హాల్లో మళ్ళీ ఖాళీ మూడు వారాల తర్వాతే. అందుకని శుక్రవారం ఒంటిగంటన్నర దాటితే ఇక ఆ పెళ్ళి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది: అమెరికాలో శాశ్వత నివాసం ఉన్న భారతీయులకు కెనడా వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. మన పాస్‌పోర్టు, శాశ్వత నివాసానికి రుజువు, ఈ రెండూ చాలు. ఈ సంగతి కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్లో మూడుసార్లు చదివాను. చదివిన తర్వాత మా ఇళ్ళలో అందరూ చేసే పనే చేశాను. పదో తరగతి మెమో నుంచి రేషన్ కార్డు దాకా మాకు అసలు కాగితం ట్రంకు పెట్టెలో ఉంటుంది, మనతో తిరిగేది జిరాక్సు. ఆ రుజువైన గ్రీన్ కార్డు వచ్చిన రోజే మా మామయ్య, అంటే మేఘన వాళ్ళ నాన్న, ఆయన గుండె డాక్టరు, "పోగొట్టుకుంటే మళ్ళీ తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది బాబూ" అని దాన్ని బ్యాంకు లాకర్లో పెట్టించారు. నేను అంతకుముందే రెండు వైపులా కలర్ జిరాక్సు తీయించి, సరిగ్గా కార్డు సైజుకు కత్తిరించి, లామినేషన్ చేయించుకున్నాను. మూడు డాలర్లు. ముట్టుకుంటే తప్ప తేడా తెలియదని మురిసిపోయాను కూడా. బయల్దేరే ముందు మేఘన "కార్డ్ పెట్టుకున్నావ్ కదా?" అంటే "పెట్టుకున్న" అన్నాను.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. నేపర్‌విల్ నుంచి విండ్సర్ దాదాపు మూడు వందల మైళ్ళు. చికాగో దక్షిణం వైపు నుంచి ఐ-94 పట్టుకుంటే ఇండియానా మీదుగా మిషిగన్ అంతా అడ్డంగా దాటి డెట్రాయిట్ దాకా ఒకటే రోడ్డు. ఆగకుండా పోతే ఐదు గంటల పైచిలుకు, పెట్రోలు నలభై డాలర్ల లోపు. నాకు ఇక్కడి లైసెన్సు ఇంకా రాలేదు కాబట్టి మేఘనే డ్రైవ్ చేసింది. మిషిగన్‌లోకి రాగానే ఫోన్లో గడియారం గంట ముందుకు దూకింది. చికాగో వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఈ గంటను లెక్కలో వేసుకోవాలి.

బ్యాటిల్ క్రీక్ దగ్గర హైవే పక్కన చిన్న హోటల్లో ఆగాం. గుడ్లు, రొట్టె, రెండు కాఫీలు కలిపి ఇరవై నాలుగు డాలర్లు. వంట చేస్తున్న పెద్దావిడే ప్లేట్లు తెచ్చి పెడుతూ ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగింది. పెళ్ళికి అన్నాను.

"కానుక ఏం తీసుకెళ్తున్నారు?"

"సంతకం" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం చూసి, "చవకలో తేల్చేస్తున్నావు" అంది. మేఘన కాఫీ పొలమారేదాకా నవ్వింది. కార్లోకి వచ్చాక మాత్రం నెమ్మదిగా, "సుధా, బార్డర్‌లో నువ్వు స్పీచ్ ఇవ్వకు, ప్లీజ్. అడిగినదానికి ఆన్సర్ చెప్పు, అంతే" అంది. భూమి మీద గీతలు గీసి మనుషులను ఆపే హక్కు ఎవరిచ్చారని దారి పొడవునా నేను మాట్లాడుతూనే ఉన్నాను మరి. ఆ అభిప్రాయం నాకిప్పటికీ మారలేదు.

డెట్రాయిట్ నుంచి విండ్సర్‌కు నది మీద వంతెన ఉంది, నది కింద సొరంగం ఉంది. సిటీ హాల్‌కు వెళ్ళాలంటే సొరంగమే దగ్గర. టోల్ పది డాలర్లలోపు. పన్నెండుంబావుకు అవతలి చివర తనిఖీ కిటికీ దగ్గరున్నాం. మేఘన రెండు పాస్‌పోర్టులూ, నా కార్డూ అందించింది. అధికారి కార్డు తిప్పి చూశాడు. అంచును గోటితో గీకాడు.

"ఇదేమిటి?"

"గ్రీన్ కార్డు."

"కార్డు కాదిది. కాగితం."

మేఘన నావైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను మాత్రం ఆమె మీదుగా వంగి, "అందులో రాసినవన్నీ నిజమే. మనిషి ఎదురుగా ఉంటే కాగితాన్ని గోకుతారేంటి?" అన్నాను. కారు పక్కన పెట్టి లోపలికి వెళ్ళమని అధికారి చేయి చూపించాడు.

లోపల ఒక మహిళా అధికారి. గొంతు పెంచని మనిషి. ఎక్కడ చేయించావు, ఎందుకు చేయించావు అని అడిగింది. ట్రంకు పెట్టె సంగతి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నవ్వలేదు. "రంగు నకలు తీసి, కార్డు సైజుకు కత్తిరించి, అసలు కార్డు బదులు మా చేతికిచ్చారు. మేమేమనుకోవాలి?" అంది. అప్పుడు గానీ నేను చేసిందేమిటో నాకు అర్థం కాలేదు. జాగ్రత్త అనుకున్నది వాళ్ళ కళ్ళకు దొంగ కార్డు. పరిశీలించడానికి సమయం పడుతుందనీ, మేఘన విషయంలో ఇబ్బంది లేదనీ, ఆమె వెళ్ళవచ్చనీ చెప్పి పాస్‌పోర్టు ఆమె చేతికిచ్చేసింది. గోడ గడియారంలో పన్నెండూ నలభై ఐదు.

"నువ్ పో" అన్నాను మేఘనతో.

"నిన్ను ఇక్కడ వదిలేసా? నో."

"ఇద్దరు సాక్షులు లేకుంటే పెండ్లి కాదు మేఘనా. నేను ఎప్పుడు బయటికొస్తనో తెల్వదు."

"నాకు వాళ్ళు తెలీదు సుధా. ఫోన్‌లో హాయ్ చెప్పాను, అంతే. పేరెంట్స్‌కి కూడా చెప్పకుండా పెళ్ళి... నాకు అది కరెక్టో కాదో కూడా తెలీదు."

"నాకు తెలుసు. నా కోసం పో."

"ఓకే. కానీ నువ్వు ఇక్కడ కోపం అవ్వవు. ప్రామిస్?"

ఒట్టు వేశాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ గదిలో ఫోన్లు వాడకూడదు. లోపలికి రాకముందు మ్యాప్‌లో చూసుకున్నాను కాబట్టి నాకు తెలుసు, అక్కడి నుంచి సిటీ హాల్ నడిచి ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల దూరంలో నా స్నేహితుడు నాకోసం తలుపు వైపు చూస్తున్నాడు. ఒకటైంది. ఒకటింబావు. ఒంటిగంటన్నర నా కళ్ళ ముందే దాటిపోయింది. ఆ రోడ్లు తెలియని మేఘన చేరిందో లేదో తెలియదు. మూడుసార్లు కుర్చీలోంచి లేచాను. అధికారి తలెత్తి చూసిన ప్రతిసారీ ఒట్టు గుర్తొచ్చి కూర్చున్నాను.

రెండుంబావు కావస్తుండగా ఆ అధికారి పిలిచి, నా పాస్‌పోర్టు తెరిచి ముందు పెట్టింది. స్పౌజ్ వీసా మీద కొత్తగా వచ్చినవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మొదటిసారి అమెరికాలో దిగినప్పుడు మన ఇమిగ్రెంట్ వీసా పేజీ మీద కొట్టే ముద్రే, ఆ తేదీ నుంచి ఏడాది పాటు శాశ్వత నివాసానికి రుజువు. ఆ వీసా మీదే ఆ సంగతి అచ్చువేసి ఉంటుంది. ఊళ్ళో కనబడ్డ ప్రతి కరపత్రం చదివిన నేను, నా పాస్‌పోర్టులో ఉన్న ఆ ఒక్క వాక్యం చదవలేదు. "ఇది ఒక్కటి చూపించి ఉంటే ఇంతసేపు పట్టేది కాదు" అంది ఆమె. జిరాక్సు కార్డు తిరిగివ్వలేదు. ఇక ముందు అలాంటిది ఏ సరిహద్దులోనూ బయటికి తీయొద్దని చెప్పింది. గీతల గురించి నాలుక చివరి దాకా వచ్చింది గానీ, "థ్యాంక్యూ. నేను పెళ్ళికి పోవాలి" అని మాత్రమే అన్నాను.

"మీదా?"

"మా ఫ్రెండుది. ఒంటిగంటన్నరకు."

ఆమె గడియారం చూసింది. "అయితే పరుగెత్తండి" అంది.

పరుగెత్తాను. ఒక మలుపు దగ్గర దారి తప్పి, పూల మడికి నీళ్ళు పెడుతున్న మనిషిని అడిగితే ఆయన పైపుతోనే దారి చూపించాడు, నీళ్ళు నా బూట్ల మీద పడ్డాయి. సిటీ హాల్ ముందున్న పచ్చికలో నలుగురు నిలబడి ఉన్నారు. ఆవాల రంగు చీరలో లావణ్య, ఆమె రూమ్మేట్, యాది, మేఘన. యాది మెడలో దండ చూసి అక్కడే ఆగిపోయాను.

"అగో, వచ్చిండు సాక్షి సారు!" అని యాది అరిచాడు. "పెండ్లయిపోయింది, ఫోటోలు అయిపోయినయ్. ఇంకో నిమిషం ఆగితే విడాకులకొస్తుంటివి గదరా!"

"నోరు మూసుకోండి, ఇవాళైనా" అని లావణ్య అతని భుజం మీద కొట్టింది. తర్వాత నాతో, "మీ మేఘన గారు లేకపోతే అయ్యేది కాదండీ అన్నయ్యా" అంది.

అప్పుడు తెలిసింది. ఒంటిగంట దాటాక, నేను వస్తానో రానో తెలియక అందరూ కంగారుపడుతుంటే లావణ్యకు ధైర్యం చెదిరింది. వాష్‌రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది. రూమ్మేట్ పిలిచినా తీయలేదు. మేఘన అప్పుడే చేరింది.

"అన్నయ్యకి ఫోన్ చేస్తాను అన్నానండీ తలుపు లోపల్నుంచి" అని లావణ్య చెప్పింది. "ఈవిడ వద్దు అనలేదు. చేసుకో, నేను బయట కూర్చుంటాను అన్నారు. నిజంగానే నేల మీద కూర్చున్నారండీ. చేసేశాను. ఈరోజే పెళ్ళి, ఇప్పుడే, అని చెప్పేశాను. వాడు ఏమేమో అని పెట్టేశాడు. ఏడ్చాను. ఏడ్చాక తలుపు తీసి, పదండి వెళ్దాం అన్నాను."

"నాకు భయమేసింది" అంది మేఘన. "ఆ అన్నయ్య కాప్స్‌ని పిలిస్తే ఏం చెయ్యాలో తెలీదు. కానీ ఫోన్ ఆమెది కదా."

యాది నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. నువ్వుంటే ఏం చేస్తుంటివి?"

జవాబు అతనికి తెలుసు. తలుపు బయట నిలబడి అరగంట ఉపన్యాసమిచ్చి, చేతికి అందితే ఆ ఫోన్ లాక్కునేవాణ్ని.

యాది గదిలో అతనే వండిన కోడికూర తిని, ఐదింటికి అదే సొరంగంలో తిరిగి బయల్దేరాం. అమెరికా వైపు అధికారికి నేనే ముందుగా పాస్‌పోర్టు ముద్ర పేజీ తెరిచి ఇచ్చాను. కార్డేదని అడిగాడు, లాకర్లో అన్నాను. చట్టప్రకారం అది ఎప్పుడూ వెంటే ఉండాలని చెప్పి పంపించాడు. రెండు నిమిషాల పని. లావణ్య అన్న ఆదివారం రాలేదు. ఇంతవరకూ ఫోనూ చేయలేదు. అది బాగుపడుతుందో లేదో నాకు తెలియదు.

ఆడపిల్ల తన పెళ్ళి తానే నిర్ణయించుకోవాలని నేను ఎన్ని సభల్లో అరిచానో లెక్కలేదు. ఆ నిర్ణయం నిజంగా ఒక తలుపు వెనక ఊగిసలాడిన రోజున, నేనక్కడ ఉంటే నాకు నచ్చిన నిర్ణయాన్నే ఆమె చేత చేయించి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టేవాణ్ని. అన్న చేసేదానికీ, నేను చేసి ఉండేదానికీ తేడా ఎంతని తిరుగు దారంతా లెక్కేసుకున్నాను. ఆ పుస్తకాల్లోది తప్పని అనడం లేదు. పెళ్ళి సరైనదో కాదో తెలియదంటూనే వెళ్ళిన మేఘన, నాకంటే బాగా సాక్షిగా నిలబడిందని ఒప్పుకుంటున్నాను. ఆ రిజిస్టర్లో ఆమె పేరు ఉండడమే సబబు.

జంటగా సరిహద్దు దాటేవాళ్ళకు ఒక్క సలహా. పాస్‌పోర్టులు, ఫోన్లు, డబ్బులు, వెళ్ళే చోటి చిరునామా అన్నీ ఒకే బ్యాగులో, ఒకరి దగ్గరే పెట్టకండి. ఎవరివి వాళ్ళ దగ్గర విడిగా ఉంచుకోండి. ఒకరిని ఆపితే రెండోవాళ్ళు ఆగకుండా వెళ్ళగలగాలి. ఎవరు వెళ్తే పని చక్కబడుతుందో మనకు ముందు తెలియదు.