యాదమ్మ మోసిన రాయి

క్రిస్మస్ మరునాడు హతసాక్షి స్తెఫనును స్మరించే ఆరాధనలో, మా భీమవరంలో అయితే వాక్యం చదివి, పాట పాడి ఇంటికి వెళ్తాం. కిష్టారెడ్డిపేటలో బంధువులతో వెళ్లిన చర్చిలో మాత్రం అందరి చేతుల్లో రాళ్లున్నాయి. తమను బాధపెట్టినవారి పేరు చెప్పి, క్షమించి, ఆ రాయిని బలిపీఠం ముందు పెట్టడం అక్కడి ఆచారమట.

నా పక్కన మందుల కంపెనీ యూనిఫాంలో యాదమ్మ అనే ఆవిడ కూర్చుంది. ఆమె రాయి పిడికిట్లో పట్టనంత పెద్దది.

"ఇంత పెద్దది తెచ్చావేంటమ్మా?" అని అడిగాను.

"నేను ఏరుకొచ్చింది కాదక్కా. బాప్తిస్మం తీసుకున్ననని మా తమ్ముడు విసిరిండు." నుదుటి మీది మచ్చ చూపించింది. "గప్పటి సంది మాటల్లేవ్. ఏడేండ్లాయె, ఏటా ఇదే రాయి తెస్తున్న, వాని పేరే చెప్తున్న, వాడు మారాలని ప్రార్థన చేసి మళ్ల ఇంటికి తీస్కపోతున్న."

ఆమె వంతు వచ్చింది. లేచి, "మా తమ్ముడు మల్లేశు" అన్నదో లేదో, తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"అక్కా, జెర ఆగు. గా రాయి నాది. నేనే పెడ్త."

యాదమ్మ వెనక్కి తిరిగింది. "ఇన్నేండ్లు మోసిన గదరా! జెర జల్దీ రావొద్దా?" అని నవ్వుతూనే ఏడ్చేసింది.

మల్లేశు ఆ రాయిని రెండు చేతులా అందుకుని పీఠం ముందు పెట్టి మోకరించాడు. చర్చి హల్లెలూయలతో మారుమోగింది.

తనను రాళ్లతో కొడుతున్నవారి కోసం స్తెఫను ప్రార్థించాడని చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. అలాంటి ప్రార్థనకు జవాబు నడిచి రావడం ఆ రోజే చూశాను. తర్వాతి పాటలో నా గొంతే అందరికంటే పెద్దగా వినిపించిందని మావాళ్లు ఇప్పటికీ అంటారు.