యోబు మేష్టారి వరన్నం

కారంపూడి మిషను బడిలో ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వచ్చిన రోజునే యోబు జొన్న సంకటి మానేశాడు. అది 1917. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, తల్లి సారమ్మ పెట్టిన కంచాన్ని పక్కకు జరిపి, "అమ్మా, ఇక నేనిది తినను" అన్నాడు. సారమ్మ ఆ ముద్దను తన కంచంలో వేసుకుని తినేసింది. ఆమె అవతల కలుపుకు పోవాలి.

పల్నాడు మెట్ట దేశం. జొన్న, కొర్ర, వరిగ పండేవి. బియ్యం తెనాలి వైపు నుంచి రావాలి. మోతుబరుల ఇళ్లలో రోజూ వరన్నం వండేవారు. ఊరి బయట, యోబు పుట్టిన పాలెంలో మాత్రం క్రిస్మస్ నాడు తిన్న వరన్నం గురించి ఈస్టరు దాకా చెప్పుకునేవారు. పాలెం నుంచి చదువుకుని మేష్టరైన మొదటివాడు ఆయన. చొక్కా తొడుక్కోవడం, ఊళ్లోవాళ్ల చేత 'మేష్టారూ' అనిపించుకోవడం, వరన్నం తినడం, ఈ మూడూ ఆయన లెక్కలో ఒకటే. ఒకటి వదిలితే మిగతా రెండూ పోతాయని ఆయన భయం.

కనుక గట్టిగానే తిన్నాడు. భార్య రాహేలు పెదకూరపాడు పిల్ల, మిషను హాస్టల్లో పెరిగింది. ఆమెకు సంకటి చేయడమే రాదు. మిల్లులో రెండుసార్లు తెలుపు పట్టించిన బియ్యం మల్లెపూల్లా వండేది. పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం పప్పూ నెయ్యీ వేసుకుని గుట్టంత అన్నం, రాత్రి మళ్లీ అంతే. ప్రతి భోజనం చివరా ఒక బెల్లం ముక్క. బడికి, ఇంటికి మధ్య నలభై అడుగుల దూరం. అంతకు మించి నడవాల్సిన పని ఆయనకు ఉండేది కాదు.

నలభై దాటేసరికి మేష్టారికి బొజ్జ వచ్చింది. ఊరు సంతోషించింది. "మేష్టారికి కళొచ్చింది" అన్నారు. పాలెంలో బొజ్జ వచ్చిన మనిషి అంతకు ముందెవరూ లేరు.

1941 ఎండాకాలంలో ఆయనకు దాహం మొదలైంది. పల్నాట్లో ఎండాకాలం దాహం వేయడం వింత కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వానలు పడ్డాక కూడా దాహం పోలేదు. బడిలో కుండ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. ఒక పద్యం చెప్పడం పూర్తయ్యేలోగా రెండుసార్లు బయటికి వెళ్లొచ్చేవాడు. దసరాకు బొజ్జ తగ్గింది. సంక్రాంతికి చొక్కా వేలాడింది. రాహేలు కంగారుపడి అన్నం ఇంకో గరిటె ఎక్కువ పెట్టడం, సున్నుండలు చేయడం మొదలుపెట్టింది. ఆయన అన్నీ తిని ఇంకా చిక్కిపోయాడు.

పక్కింటి కరీమున్నీసా ఒకరోజు గోడ మీదుగా రాహేలును పిలిచింది.

"అక్కా, ఒక మాట చెప్తా, ఏమనుకోమాక. మీ పెరట్లో గోడవార చీమలు చూశావా?"

"చూశా. ఎండాకాలం గదా."

"ఎండాకాలం చీమలు ఊరంతా ఉంటయ్యి. ఇయి అన్నయ్య పోయే చోటే ఉన్నయ్యి. మా మామకు ఇట్టాగే పట్టినయ్యి. గురజాల కోర్టులో జవానుగా చేసేవాడు. చానా తీపి తినేవాడు. రెండేళ్లకు కాలు తీసేశారు, మూడో ఏడు మనిషే పోయాడు."

రాహేలు ఆ మాట భర్తతో చెప్పింది. మేష్టారు "చీమలకు చదువు లేదు" అన్నాడు. కానీ మర్నాటి నుంచి వేరే గోడ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. చీమలు అక్కడికీ వచ్చాయి.

ఆ తర్వాత కొత్త చెప్పు కరిచి కాలి బొటనవేలి పక్కన పుండు పడింది. పది రోజుల్లో మానాల్సిన పుండు రెండు నెలలైనా మానలేదు. పసుపు రాశారు, ఆకు పసరు కట్టారు, ప్రార్థన చేశారు. చివరికి రాహేలు ఆయన్ను బొగ్గు బస్సెక్కించి నరసరావుపేట తీసుకెళ్లింది. యుద్ధానికి పెట్రోలు పోతున్నందున బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచే రోజులవి. మిట్ట ఎక్కాల్సి వస్తే జనం దిగి నెట్టేవారు. మేష్టారు పుండు కాలుతోనే దిగి నెట్టాడు. కూర్చుంటే మర్యాద కాదన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేది. ఆయన మూత్రం తీసుకుని, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో కొన్ని చుక్కలు వేసి దీపం మీద కాచింది. నీలం పచ్చనైంది, పసుపైంది, చివరికి ఇటుక రంగుకు తిరిగింది.

"చూశారా మేష్టారు గారూ. మీ ఒంట్లో చక్కెర నిలవలేక బయటికి పోతోంది. మధుమేహం అంటారు."

"నేను చక్కెర తినను. కాఫీ కూడా బెల్లంతోనే."

"అన్నం ఎంత తింటారు?"

మేష్టారు చేతులతో చూపించాడు. డాక్టరమ్మ కాసేపు ఆ చేతుల మధ్య ఖాళీని చూసింది.

"మీరు తిన్న అన్నం కూడా ఒంట్లో చక్కెరే అవుతుంది. ఇన్సులిన్ అని సూది మందు ఉంది గానీ యుద్ధం వల్ల సరిగా రావడం లేదు. ఉన్న కాస్తా ప్రాణం మీదికొచ్చిన వాళ్లకే. మీరు తిండితోనే కాపాడుకోవాలి. బెల్లం మానండి. వరన్నం మధ్యాహ్నం పిడికెడు, అంతే. మిగతా పూటలు జొన్నగానీ కొర్రగానీ కొద్దిగా, ఆకుకూరలు ఎక్కువగా. రోజూ రెండు మైళ్లు నడవండి."

"జొన్నలో మందు గుణం ఉందాండీ?" అని రాహేలు అడిగింది.

"మందేమీ లేదమ్మా. వరన్నం మెత్తగా, తెలియకుండా లోపలికి పోతుంది. పొట్టుతో ఉన్న జొన్న అట్లా పోదు. నిదానంగా అరుగుతుంది, ఆకలి ఆగుతుంది. ఎక్కువ తింటే అదీ చెరుపే. అసలు, మీ అమ్మగారు ఏం తింటారు మేష్టారూ?"

"సంకటి."

"ఆమెకు వయసెంత?"

"డెబ్బై."

"ఏం చేస్తారు?"

"కలుపు తీస్తది."

డాక్టరమ్మ పుండుకు కట్టుకట్టి, రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచుకుని, అక్కడి తిండితోనే పుండు మానేట్టు చేసి పంపింది.

ఇంటికొచ్చాక సంకటి ఎవరు చేయాలన్న సమస్య వచ్చింది. రాహేలు చేసిన మొదటి సంకటి కొంత ఉండ కట్టింది, మిగతాది నీళ్లలో తేలింది. రెండోది మాడింది. మూడో రోజు ఆమె పాలెం వెళ్లింది. పాతికేళ్ల కాపురంలో అత్తగారిని ఏదైనా అడగడానికి వెళ్లడం అదే మొదటిసారి. ఆదివారాలు గుళ్లో పలకరింపులే తప్ప ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. సారమ్మ కొడుకింట్లో తినేది కాదు. వరన్నం తింటే పొద్దెక్కేసరికే ఆకలేస్తుందని ఆమె ఫిర్యాదు.

విషయం విని సారమ్మ చీర కొంగు బిగించి వెంటనే బయలుదేరింది. వంటింట్లో కూర్చుని, తిరగల్లో విసిరిన జొన్న నూకను ఎసట్లో పోయించి, ఉడికాక పిండి చల్లి తెడ్డుతో కలపమంది.

"తెడ్డు ఆపమాకమ్మాయ్. చెయ్యి నొప్పెడితే ఉడుకుతున్నట్టు."

రాహేలు చెమటలు కక్కుతూ కలిపింది. సారమ్మ తడిచేత్తో ముద్ద చేసి, రుచి చూసి, "ఉప్పు తక్కువేశావు" అంది. అదే మెప్పు కింద లెక్క.

మేష్టారు తిన్నాడు. తలుపు వేసుకుని తిన్నాడు. ఎవరైనా వస్తే రాహేలు కంచం మీద ఇంకో కంచం బోర్లించేది. ఇంటి నుంచి గోంగూర వాసన, పచ్చిమిరపకాయ వాసన వీధిలోకి వస్తూనే ఉండేవి గానీ ఆ మాట ఎవరూ ఆయనతో అనలేదు. ఏడాది గడిచేసరికి దాహం తగ్గింది. ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చింది. సాయంత్రాలు నాగులేటి దాకా నడిచి వచ్చేవాడు. ఎందుకు నడుస్తున్నారని అడిగితే పని మీద వెళ్తున్నానని చెప్పేవాడు.

1943లో మోతుబరి అంకారావు కొడుకు పెళ్లి వచ్చింది. ఆ పెళ్లికొడుక్కి ఎక్కాలు నేర్పింది యోబు మేష్టారే. అంకారావు స్వయంగా బడి వాకిట్లోకి వచ్చి, "మేష్టారూ, మా పందిట్లో భోజనం చేయాలి" అన్నాడు. పందిట్లో అన్నాడు. పాలెం వాళ్లకు పెళ్లి భోజనమంటే దొడ్డి గోడ బయట, అందరూ తిన్నాక. మేష్టారి తండ్రి ఆ గోడ బయటే నలభై ఏళ్లు తిన్నాడు.

మూడు రోజుల పెళ్లి. మొదటి రోజు మేష్టార్ని చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చోబెట్టారు. చివరి వరసైనా పందిట్లోనే. విస్తరిలో తెల్లటి అన్నం గుట్టగా పోశారు. వడ్డించేవాడు నెయ్యి పోస్తూ, "ఏంది మేష్టారూ, ఈమధ్య సంకటికి దిగారంట?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. మేష్టారూ నవ్వాడు. తర్వాత విస్తరిలో మెతుకు మిగల్చకుండా తిని, మారు అడిగి, పరమాన్నం రెండుసార్లు వేయించుకున్నాడు. మిగతా రెండు రోజులూ వెళ్లాడు. పెళ్లి అయిపోయినా తిండి ఆపలేదు. ఇంట్లో కూడా వరన్నమే వండమన్నాడు. రాహేలు వద్దంటే, "నేను బాగయ్యాను" అన్నాడు.

నెలన్నరకు వీపు మీద రాచకురుపు లేచింది. అరచేయంత, ఎర్రగా, జల్లెడలా పది నోళ్లతో. జ్వరం కాసింది. చూడవచ్చిన పాస్టరు గారు బైబిల్లో యోబుకు కూడా కురుపులే వచ్చాయని గుర్తుచేశాడు. మేష్టారు బోర్లా పడుకునే, "ఆయన వరన్నం తినలేదు లెండి" అన్నాడు.

నరసరావుపేట తీసుకెళ్లేసరికి మాట తడబడుతోంది. డాక్టరమ్మ కురుపు కోసి చీము తీసింది. దాచి ఉంచిన ఇన్సులిన్ సీసాలు రెండు ఉంటే, రెండూ ఆయనకే వాడింది. తొమ్మిది రోజులు ఆయన బతుకుతాడని ఎవరూ అనలేదు, బతకడనీ అనలేదు. పదో రోజు కళ్లు తెరిచి మంచినీళ్లడిగాడు.

సారమ్మ అప్పటికే వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఎవరూ లేనప్పుడు మేష్టారు ఆమెతో చెప్పాడు.

"అమ్మా, తినకూడదని తెలుసు. నాన్న గోడ బయట కూర్చునేవాడు. నేను లోపల కూర్చున్నా. అక్కడ కూర్చుని నాకు సంకటే కావాలని ఎట్టా అంటా?"

సారమ్మ ఆయన కప్పుకున్న దుప్పటి సరిచేసింది.

"మీ నాయన ఆ గోడ బయట తిన్నది కూడా వరన్నమేరా," అంది. "అది తిన్నాడని ఆయన్నెవరూ లోపలికి పిలవలా. నిన్ను పిలిచింది నువ్వు ఎక్కాలు చెప్పినందుకు. ఎక్కాలు ఎట్టాగూ నీ దగ్గరే ఉన్నయ్యిగా. ఏం తిన్నా అయ్యి ఏడికి పోవు."

మేష్టారు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వీపు మీద కట్టు ఉండటం వల్ల తిరగడానికి కొంత సమయం పట్టింది. సారమ్మ ఆయన ఏడవడం చూడనట్టు బయటికి వెళ్లి, ఆసుపత్రి గుమ్మంలో ఊడ్చేవాళ్లతో మాటల్లో పడింది.

మూడు నెలల తర్వాత బడికి వచ్చిన మొదటి రోజు మేష్టారు సత్తుగిన్నె తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం గంట కొట్టాక బడి అరుగు మీద, వీధికి ఎదురుగా కూర్చుని, మూత తీసి, సంకటి ముద్దలో గుంట చేసి గోంగూర పప్పు పోసుకుని తిన్నాడు. వీధిలో పోయేవాళ్లు చూశారు. ఇద్దరు ఆగి మరీ చూశారు. ఆయన వాళ్లను "రండి, తిందాం" అన్నాడు. వాళ్లు పనుందని వెళ్లిపోయారు.

ఆ మరుసటి ఏడు కంట్రోలు బిగుసుకుంది. బియ్యం మనిషికి ఇంత అని కొలిచి ఇవ్వడం మొదలైంది. మిగతా కడుపు జొన్నతో నింపుకోమన్నారు. ఊళ్లో పెద్దిళ్లన్నీ గొణుక్కుంటూ జొన్న తిన్నాయి. మేష్టారికి ఏ తేడా తెలియలేదు. తన వంతు బియ్యంలో సగం కరీమున్నీసా ఇంటికి పంపేవాడు. ఆమె పిల్లలకు ఏ జబ్బూ లేదు, ఆకలి తప్ప.

ఆ రోజుల్లోనే అంకారావుకు దాహం పట్టుకుందని తెలిసింది. ఆయన రాలేదు. పాలేరును పంపి, సంకటికి నూక ఎంత, పిండి ఎంత కనుక్కు రమ్మన్నాడు. రాహేలు కొలతలు చెప్పింది. తెడ్డు ఆపొద్దని కూడా చెప్పింది. "తెడ్డు ఎవరు తిప్పాల?" అని పాలేరు అడిగాడు. అది ఆమెకూ తెలియదు.

సారమ్మ 1948లో పోయింది. పొద్దున పొలానికి వెళ్లి, గట్టు మీద నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. మేష్టారు ఆ మరుసటి ఏడు ఉద్యోగం విరమించాడు. ఎడమకన్ను చూపు మందగించింది. అరికాళ్లకు స్పర్శ తగ్గిందని రాత్రుళ్లు రాహేలు దీపం పెట్టి పాదాలు వెతికేది, ఎక్కడైనా ముల్లు గుచ్చుకుని తెలియకుండా ఉందేమోనని. జబ్బు పోలేదు. పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. దానితో కలిసి ఉండటం ఆయన నేర్చుకున్నాడు.

విరమించిన ఏడు ఒక ఎకరం కౌలుకు తీసుకుని జొన్న వేశాడు. జీవితంలో ఆయన చేసిన మొదటి సేద్యం అది. విత్తనం ఒత్తుగా పడింది, కలుపు సగమే తీశాడు. వెన్ను గింజ పట్టాక పిట్టలు వచ్చాయి. మేష్టారు బూట్లు తొడుక్కుని పొద్దున్నే మంచె ఎక్కి వడిసెల తిప్పేవాడు. ఒంటికన్ను గురి కావడం వల్ల ఒక్క రాయీ పిట్టకు తగల్లేదు. చప్పుడుకు అవి లేచి, చేను ఆ చివర వాలేవి. ఆయన మంచె దిగి ఆ చివరకు నడిచేవాడు. అవి మళ్లీ ఈ చివరకు వచ్చేవి. ఆ నెలంతా రోజుకు ఎన్ని మైళ్లు నడిచాడో ఎవరూ లెక్క పెట్టలేదు.